నేలలోని శత్రుమిత్రులు

మొక్కను చూచువారు దాని ఆకును చూతురు, పూవును చూతురు, కాయను చూచి సంతోషింతురు. వేరును తలచువారు అరుదు. అది మట్టిలో దాగియుండుటయే అందులకు కారణము. కాని మొక్క బ్రదుకంతయు ఆ వేరు మీదనే ఆధారపడియున్నది. నేలలోని నీటిని, ఆ నీటిలో కరగిన లవణములను వేరు గ్రహించి పైకి పంపును. ఆకు తాను తయారుచేసిన ఆహారములో కొంత భాగమును వేరునకు దింపును. ఈ ఇచ్చిపుచ్చుకొనుట ఆగిన నాడు మొక్క నిలువలేదు.

ఆకునకు పుట్టిన తెగులు కంటికి కనబడును. మచ్చ వచ్చినదనియో, పురుగు తిన్నదనియో రైతు వెంటనే తెలిసికొని తగిన పని చేయగలడు. వేరునకు పుట్టిన తెగులు అట్టిది కాదు. నిన్నటి వరకు పచ్చగా నున్న టమాట మొక్క ఒకనాటి మధ్యాహ్నము తల వాల్చును. సాయంకాలమునకు తేరుకొనును. మరునాడు మరల వాలును. నీరు చాలలేదు కాబోలునని రైతు నీరు పెట్టును. నాలుగైదు దినములలో మొక్క ఎండిపోవును. అప్పటికి నారు కొన్న సొమ్ము, దున్నిన కూలి, వేసిన ఎరువు, పడిన శ్రమ అన్నియు మట్టిలో కలిసిపోవును. పెట్టిన నీరు మేలు చేయకపోవుటయే కాక, కొన్ని తెగుళ్లను ప్రక్క మొక్కలకు కూడ మోసికొని పోవును. కావున వేరు తెగుళ్లను గూర్చి తెలిసికొనుట శాస్త్రజ్ఞులకే కాదు, కూరగాయలు పండించు ప్రతి కుటుంబమునకును అవసరము.

మదనపల్లె టమాట విపణి మన దేశమందలి పెద్ద విపణులలో నొకటి. ఒక పంటకు మంచి గిరాకి గల చోట రైతు ఆ పంటనే మరల మరల వేయుట సహజము. కాని ఒకే పైరును విడువక వేసిన నేలలో ఆ పైరు వేళ్లను తిని బ్రదుకు జీవులు ఏటేట పెరుగును. వాటికి భోజనము ఎన్నడును లోపింపదు గదా! వేరు తెగుళ్లు పెచ్చు పెరుగుటకు గల కారణములలో ఇది ముఖ్యమైనది.

ఈ శత్రువులలో నారుమడిలోనే ఎదురగునది నారుకుళ్లు. పిథియమ్ అను బూజువంటి జీవి దీనికి తరచుగా కారణమగుచుండును. దాని బీజములకు నీటిలో ఈదు శక్తి కలదు. మట్టిరేణువుల నడుమ నీరు నిలిచినప్పుడు అవి ఈదుచు పోయి లేతవేళ్లను చేరును. కొన్నిచోట్ల గింజ మొలకెత్తకముందే మట్టిలో కుళ్లిపోవును. రైతు విత్తనము మంచిది కాదని తలచును. మరికొన్నిచోట్ల మొలచిన నారు నేలను ఆనియుండు భాగమున మెత్తబడి, గుంపులు గుంపులుగా ఒరిగిపోవును. చిక్కగా విత్తిన మడిలోను, నీరు ఇంకని మడిలోను ఈ తెగులు మిక్కుటముగా వచ్చును.

రెండవది మొదలు కుళ్లు. దీనిని కలిగించు శిలీంధ్రమునకు స్క్లెరోషియమ్ రాల్ఫ్‌సి అని పేరు. 1892లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున టమాట మీద దీనిని చూచిన రాల్ఫ్స్ అను శాస్త్రజ్ఞుని పేరే దీనికి పెట్టిరి. తెగులు సోకిన మొక్క మొదట తెల్లని దారములవంటి బూజు పట్టును. ఆ బూజు నడుమ ఆవగింజలవంటి గుండ్రని గింజలు ఏర్పడును. అవి నిజముగా గింజలు కావు. శిలీంధ్రము గట్టిపడిన ముద్దలు. పైరు లేని కాలములో అవి నేలలో నిదురించుచుండి, మరల పైరు వేసినప్పుడు మేలుకొనును.

మూడవది వడలు తెగులు. ఇది రెండు విధములు. ఒకదానిని ఫ్యుజేరియమ్ అను శిలీంధ్రము కలిగించును. రెండవదానిని రాల్స్టోనియా అను బాక్టీరియా కలిగించును. ఈ రెండవదానిని అమెరికా శాస్త్రజ్ఞుడు ఎర్విన్ స్మిత్ 1896లో వర్ణించెను. రెండును వేరు ద్వారమున ప్రవేశించి, నీరు పైకి పోవు సన్నని గొట్టములను ఆక్రమించును. గొట్టములు మూసికొనిపోవుటచే ఎంత నీరు పెట్టినను ఆకుకు అందదు. మొక్క దాహముతో చచ్చుచున్నట్లు కనబడుటకు ఇదియే కారణము.

ఈ రెండింటికిని గల భేదమును విద్యార్థులు కూడ సులభముగా పరీక్షించి తెలిసికొనవచ్చును. వడలిన మొక్క కాండమును మొదటికి పైన అడ్డముగా కోసి, ఆ ముక్కను తేటనీరు గల గాజుగ్లాసులో కోసిన కొన నీట మునుగునట్లు కదలక పట్టుకొనవలెను. బాక్టీరియా తెగులైనచో కొన్ని నిమిషములలో ఆ కొననుండి పాలవంటి తెల్లని దారలు నీటిలోనికి జారును. ఆ దారలో నున్నవి లక్షలకొలది బాక్టీరియాలు. ఫ్యుజేరియమ్ తెగులైనచో దార రాదు. కాండమును నిలువుగా చీల్చి చూచినప్పుడు లోపలి గొట్టములు గోధుమరంగుగా కనబడును. ఈ తెగులునందు మొదట క్రింది ఆకులు పసుపుబారును. బాక్టీరియా తెగులునందు ఆకు పచ్చగా నుండగనే మొక్క వాలిపోవును.

నాలుగవ శత్రువు వేరుబుడిపెలను కలిగించు నులిపురుగు. 1855లో ఇంగ్లండులో మైల్స్ జోసెఫ్ బెర్క్లీ అను పండితుడు గాజుగృహములలో పెంచిన దోసమొక్కల వేళ్ల మీద బుడిపెలను చూచి వాటిని గూర్చి వ్రాసెను. ఈ పురుగు పిల్ల అర మిల్లీమీటరు కంటెను చిన్నది, కంటికి కనబడదు. అది వేరు కొనలో దూరి ఒకచోట స్థిరపడి, చుట్టునున్న వేరు కణములను ఉబ్బజేసి తన భోజనశాలగా మార్చుకొనును. ఆడపురుగు ఒక్కొక్కటి కొన్ని వందల గ్రుడ్లు పెట్టును. వెచ్చని నేలలో సుమారు ఒక నెలకే ఒక తరము ముగిసి మరియొక తరము మొదలగును. మొక్క చావదు, కాని గిడసబారి, పసుపెక్కి, కాపు తగ్గిపోవును. ఎరువు చాలలేదని రైతు పొరబడుటకు అవకాశము కలదు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. చిక్కుడు, పెసర, వేరుసెనగ మొదలగు పైరుల వేళ్లకు కూడ బుడిపెలుండును. అవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించు మేలైన బాక్టీరియాల నివాసములు. వాటిని చూచి తెగులని భ్రమపడరాదు. ఆ బుడిపెలు వేరు ప్రక్కన అంటియుండును; వ్రేలితో రుద్దినచో రాలిపోవును. నులిపురుగు బుడిపె యన్ననో, వేరే ఉబ్బి ఏర్పడినది. వేరు తెగినగాని అది రాదు.

శత్రువులను గుర్తించితిమి. వారిని చంపుట యెట్లు? విషము పోసి నేలను శుద్ధి చేసినచో సరిపోవునని ఒకప్పుడు అనేకులు నమ్మిరి. మిథైల్ బ్రోమైడు అను వాయువును మట్టిలోనికి పంపి, పైన పట్టా కప్పెడివారు. అది శత్రువును, మిత్రుని, కలుపువిత్తనమును భేదము లేక చంపెడిది. పిదప ఆ వాయువు ఆకాశమునకు పోయి, సూర్యుని తీక్ష్ణకిరణములనుండి మనలను కాపాడు ఓజోను పొరను దెబ్బ తీయుచున్నదని తెలిసినది. 1987లో కుదిరిన మాంట్రియల్ ఒడంబడిక క్రిందికి దీనిని తరువాత చేర్చిరి. పంట నేలలలో దాని వాడకమును సంపన్నదేశములు 2005 నాటికిని, తక్కిన దేశములు 2015 నాటికిని, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, మానవలెనని నిర్ణయమయ్యెను.

విత్తనమునకు పూసిన విషము ఎంతటి అనర్థము తేగలదో ఇరాకు దేశము చూచినది. 1971-72 శీతకాలమున అచ్చటి రైతులకు పాదరసపు మందు పూసిన గోధుమ విత్తనములు అందినవి. బూజుతెగుళ్లు రాకుండుటకై ఆ మందు పూసిరి. సంచుల మీది హెచ్చరికలు ఆ ప్రజల భాషలో లేకుండెను. కరువు వేళ అనేక కుటుంబములు ఆ గోధుమలను విసరి రొట్టెలు చేసికొని తినిరి. ఆరువేలకు మించిన జనులు ఆసుపత్రుల పాలైరి. వారిలో 459 మంది మరణించిరి. తెగులును చంపదలచిన మందు మనుష్యులను చంపెను.

విషము నమ్మినంత పని చేయకపోవుటకు మరియొక కారణమును కలదు. ఒక ఎకరపు నేలలో జానెడు లోతు వరకు నున్న మట్టియే కొన్ని లక్షల కిలోలుండును. అంత మట్టిలో ప్రతి రేణువునకును మందు అందుట అసాధ్యము. అందని మూలలలో శత్రువు మిగులును. దానిని అదుపులో నుంచు మిత్రజీవులు మాత్రము నశించియుండును. అడ్డు లేని శత్రువు అప్పుడు మునుపటికంటె వేగముగా పెరుగును. కావున శత్రువును నిర్మూలించుట గాక, అది తల యెత్తకుండ నేలను సరిదిద్దుటయే మేలైన మార్గమని నేటి శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. ఆ మార్గమున ముఖ్యమైన పనులను క్రమముగా చూతము.

మొదటి పని ఎండను వాడుకొనుట. ఇజ్రాయెల్ దేశమున యొర్దాను లోయలోని రైతులు ప్లాస్టికు పట్టా కప్పిన నేల మిక్కిలి వేడెక్కుటను గమనించిరి. దీనిని ఆధారము చేసికొని యాకొవ్ కటాన్ అను శాస్త్రజ్ఞుడును, అతని సహచరులును పరిశోధించి 1976లో ఫలితములను ప్రకటించిరి. మండు వేసవిలో నారుమడిని మెత్తగా దున్ని, చదును చేసి, బాగుగా తడిపి, పలుచని తెల్లని పారదర్శకపు పట్టాను నేలకు అంటునట్లు కప్పి, అంచులను మట్టితో మూయవలెను. నాలుగు మొదలు ఆరు వారములు దానిని కదల్చరాదు. పట్టా క్రింది పైమట్టి 45 డిగ్రీల సెల్సియసుకు మించి వేడెక్కి, అనేక శత్రుజీవులు చచ్చును, చావనివి బలహీనపడును. వేడిని ఓర్చుకొను మేలైన జీవులు కొన్ని మిగిలి, ఖాళీయైన చోటును ముందుగా ఆక్రమించును. నల్లని పట్టా ఇందుకు తగదు. అది ఎండను తానే పీల్చుకొనును. తెల్లనిది ఎండను లోనికి పోనిచ్చును. నేలను తడుపుట యెందుకనగా, తడిమట్టిలో వేడి లోతునకు వ్యాపించును. నీరు తగిలి మేలుకొన్న జీవులు వేడికి సులభముగా లొంగును. ఆంధ్ర తెలంగాణములలోని ఏప్రిల్, మే నెలల ఎండ ఈ పనికి మిక్కిలి అనుకూలము.

రెండవ పని నీటిని అదుపులో నుంచుట. నారుమడిని నేలకంటె పదునైదు సెంటీమీటర్లు ఎత్తుగా, ఒక మీటరు వెడల్పుగా కట్టవలెను. విత్తనములను వెదజల్లక వరుసలలో పలుచగా విత్తవలెను. ఎత్తుమడిలో నీరు నిలువదు. నీరు నిలువనిచో పిథియమ్ బీజములు ఈదుటకు దారి యుండదు. పొలములో సైతము తెగులు సోకిన చాలునుండి నీరు ఆరోగ్యముగా నున్న చాళ్లకు పారకుండ చూడవలెను. తెగులు మడిలో పని చేసిన పార, గునపము, కాలిజోళ్లు కడిగిన పిదపనే మరియొక మడిలో కాలు పెట్టవలెను. తెగులు తరచుగా కొని తెచ్చిన నారుతో వచ్చును. కావున నారు కొనునప్పుడు ఆకును మాత్రమే కాక, వేరును కూడ కడిగి చూడవలెను.

మూడవ పని మిత్రులను పెంచుట. మట్టిలో ట్రైకోడెర్మా అను ఆకుపచ్చని శిలీంధ్రము కలదు. అది శత్రుశిలీంధ్రపు దారములను చుట్టుకొని, వాటి గోడలను కరగించి తినునని రిచర్డ్ వైండ్లింగ్ అను శాస్త్రజ్ఞుడు 1932లో వెల్లడించెను. నేడు దీనిని పొడిగా తయారుచేసి అమ్ముచున్నారు. కిలో విత్తనమునకు నాలుగు నుండి పది గ్రాముల పొడిని పట్టించి విత్తవచ్చును. పొలమునకైనచో తొంబది కిలోల చివికిన పశువుల ఎరువులో పది కిలోల వేపపిండిని, రెండు కిలోల ట్రైకోడెర్మా పొడిని కలిపి, తడి చిలికించి, నీడలో గోనెపట్టా కప్పి ఒక వారము పది దినములుంచవలెను. శిలీంధ్రము ఆ ఎరువంతయు అల్లుకొనును. ఇది ఒక ఎకరమునకు చాలును. దీనిని తడి గల నేలలో వేయవలెను. జీవము గల పదార్థము గనుక, ఎండలో నుంచినను, గడువు దాటినను, శిలీంధ్రములను చంపు రసాయనపు మందుతో కలిపినను ఇది పనికిరాదు. సూడోమోనాస్ అను బాక్టీరియా మరియొక మిత్రము. అది వేరు చుట్టు నివసించి, మట్టిలోని ఇనుమును తానే పట్టుకొని, శత్రువునకు ఇనుము అందకుండ చేయును.

నాలుగవ పని పైరు మార్చుట. టమాట, వంగ, మిరప, బంగాళాదుంప ఒకే కుటుంబమునకు చెందినవి. ఒకదాని తెగులు మరియొకదానికి సోకును. టమాట తీసిన నేలలో వంగ వేయుట పైరు మార్చుట కాదు. జొన్నయో, నీటివసతి గల చోట వరియో వేసినచో అనేక శత్రువులకు ఆహారము దొరకదు. వరిమడిలో నిలుచు నీరు నులిపురుగులను కూడ తగ్గించును. వేసవిలో లోతుగా దున్నినచో నులిపురుగులు ఎండకు మాడిపోవును. మొదలు కుళ్లు కలిగించు ఆవగింజలవంటి ముద్దలు లోతున పడి మొలకెత్తలేకపోవును.

బంతిపూవు మనకు బతుకమ్మకును, సంక్రాంతి గుమ్మమునకును అలంకారము. దాని వేరులో నులిపురుగులను చంపు పదార్థమున్నదని 1958లో హాలెండు శాస్త్రజ్ఞులు తెలిపిరి. ఐతే పొలము గట్టున నాలుగు బంతిమొక్కలు నాటినంత మాత్రమున నులిపురుగులు పోవు. ఆ గుణము బ్రదికియున్న బంతివేరు దగ్గర మాత్రమే పని చేయును. కావున నులిపురుగులున్న మడియంతట రెండు మూడు నెలలు బంతిని ఒక పైరుగా పెంచి, పూవులమ్ముకొని, ఆ తరువాత కూరగాయలు వేయుట తగినది. వేపపిండి కూడ నులిపురుగులను తగ్గించుటలో చాల కాలముగా పేరుపొందినది.

ఐదవ పని మొక్కకే బలము చేకూర్చుట. తెగులును ఓర్చు రకములను ఎన్నుకొనుట ఇందులో సులభమైనది. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన అర్క రక్షక్ అను టమాట సంకరము బాక్టీరియా వడలు తెగులును, మరి రెండు తెగుళ్లను తట్టుకొనగలదు. అంటుకట్టుట మరియొక ఉపాయము. 1920వ దశకమున జపాను రైతులు వడలు తెగులును తప్పించుకొనుటకై పుచ్చ తీగను సొర వంటి బలమైన వేరు గల మొక్కకు అంటుకట్టిరి. తైవానులోని ప్రపంచ కూరగాయల కేంద్రము తెగులును తట్టుకొను వంగ మొక్కకు టమాటను అంటుకట్టు పద్ధతిని ప్రచారము చేసినది. వేరు వంగది, కాయ టమాటది! ఐనను ఏ బలమునకైనను హద్దు కలదు. నులిపురుగులను ఆపుటకు అడవిటమాటనుండి తెచ్చిన ఒక గుణము నేల 28 డిగ్రీలకు మించి వేడెక్కినప్పుడు పని చేయదని తెలిసినది. మన వేసవి నేలలలో దానినొక్కదానినే నమ్మి యుండుట క్షేమము కాదు.

ఈ పనులలో ఏ ఒక్కటియు సర్వరోగనివారిణి కాదు. ఎండ పైమట్టిని శుద్ధి చేయును గాని లోతునకు పోదు. ట్రైకోడెర్మా శిలీంధ్రములతో పోరాడును గాని నీరు నిలిచిన మడిని బాగుచేయలేదు. పైరు మార్పిడి శత్రువును పస్తు పెట్టును గాని ప్రక్క పొలమునుండి నీటితో వచ్చు తెగులును ఆపలేదు. అన్నియు కలిసినప్పుడే ఒకదాని లోటును మరియొకటి తీర్చును. మరియు, ఇవన్నియు తెగులు రాకముందు చేయవలసినవి. వేరు పాడైన మొక్కను బ్రదికించు ఉపాయము లేదు. అట్టి మొక్కను వేరుతో సహా పెల్లగించి తగులబెట్టవలెను. కాలువలో పారవేసిన ఒక్క మొక్క, క్రింది పొలములన్నింటికి తెగులును పంచిపెట్టును. ఈ విషయమున ఒకరి అజాగ్రత్త ఊరివారందరికి నష్టము.

విద్యార్థులారా! మీ పాఠశాల తోటలోనో, మీ ఇంటి పెరటిలోనో మొక్క ఒకటి వడలినప్పుడు వెంటనే చెంబెడు నీరు పోసి ఊరకుండవలదు. దానిని మెల్లగా పెల్లగించి, వేరును నీటిలో కడిగి చూడుడు. వేరు తెల్లగా నున్నదా, గోధుమరంగుగా నున్నదా? బుడిపెలున్నవా? మొదట తెల్లని బూజు కలదా? కోసిన కాండమునుండి పాలదార జారినదా? చూచినదానిని తేదీతో సహా వ్రాసికొని, ఆ మడిలో కడచిన యేడు ఏ పైరు వేసిరో పెద్దలనడిగి తెలిసికొనుడు. వేరును చూచుట యెరిగిన కుటుంబము నారు కొన్న సొమ్మును మట్టిపాలు చేసికొనదు. విషము కొన్న సొమ్మును కూడ మిగుల్చుకొనును.